స్ఫటికం అంచున కుంకుమ

ఇబ్రహీంపట్నం,
జులై, ఆదివారం

స్వామీ,

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావని తెలుసు. నవ్వు. పోయిన ఆదివారం నువ్వు కొండ దిగి ఊళ్ళోకొచ్చి ఫోన్ చేసినప్పుడు మనం మాట్లాడుకున్నదేమిటో గుర్తు చేసుకో. వినబడుతుందా అని నువ్వు, వినబడుతుంది అని నేను, ఏంటి అని మళ్ళీ నువ్వు. మధ్యలో మీ అక్క స్పీకర్ పెట్టమని పక్కనే పీట వేసుకుని కూర్చుంటుంది. ఆడబిడ్డ చెవి ఒగ్గి వింటుంటే ఏ ఆడది మొగుడితో మనసులో మాట చెప్తుంది? మనం మాట్లాడుకునేది బోరు మోటారు గురించి, గ్యాస్ బండ గురించి. అందుకే కాగితం పట్టాను. బుగ్గమ్మ వదినకు చదువు రాదు కాబట్టి ఇందులో ఏం రాసినా అది మన ఇద్దరిదే.

ముందు మంచి కబురు. రాయి వచ్చింది. మన వర్క్‌షాపులో అందరూ స్ఫటికాన్ని రాయి అనే అంటారు కదా, నాకూ అదే అలవాటైంది. పెద్ద డబ్బాలో, నురగ దిండ్ల మధ్య, పెరుగు గిన్నె మూతంత రాయి. డబ్బా తెరవకుండా గదిలోనే ఒక రోజు ఉంచి, గది వేడికి అలవాటు పడ్డాకే తీశాను. లోపల మబ్బు లేదు, గీత లేదు. ఇంత తేటగా ఉన్న రాయిని నేను ఇంతవరకు పట్టుకోలేదు.

నువ్వు వెళ్ళేటప్పుడు వర్క్‌షాపులో అందరి ముందూ కృష్ణయ్య సారు చెప్పిన మాట నేను మరిచిపోలేదు. ఈ లెన్స్ మీ టెలిస్కోపు కెమెరాలో కూర్చోబెట్టి, పనిచేస్తోందని అప్పజెప్పిన రోజే నువ్వు కొండ దిగి ఇంటికి రావడం. మంచు మొదలైతే ఆ కెమెరాను విప్పరు, మళ్ళీ ఎండలు వచ్చేదాకా ఆగాల్సిందే. అంటే దీపావళిలోపు లెన్స్ నీ చేతికి రావాలి. పెళ్ళయి ఏడాది నిండకముందే మొగుణ్ణి పంపించి, వాణ్ణి తిరిగి తెచ్చుకునే పని కూడా పెళ్ళానికే అప్పజెప్పిన వర్క్‌షాపు దేశంలో మనదొక్కటే అనుకుంటాను.

వదిన వర్క్‌షాపులో నా గది ఊడుస్తూ, దీనికి గాజు ఎందుకు పనికిరాదని అడిగింది. గాజులోంచి పోయిన వెలుగులో ఎరుపు ఒక చోట, నీలం ఒక చోట దిగుతాయని, అందువల్ల చుక్క చుట్టూ ఊదా రంగు అంచు వస్తుందని చెప్పాను. ఈ రాయి రంగుల్ని అంతగా విడదీయదు, దీన్నీ గాజునూ సరిగ్గా జత చేస్తే రంగులన్నీ ఒక్కచోటే దిగుతాయి. మన కంటికి కనబడని వెలుగు కూడా, అటు అతినీలలోహితం ఇటు పరారుణం, దీనిలోంచి పోతుంది. అంతా శ్రద్ధగా విని దీని పేరేంటని అడిగింది. కాల్షియం ఫ్లోరైడ్ అన్నాను. చీపురు కింద పెట్టేసింది.

మీ ఊరి బోరు నీళ్ళు తాగి వదిన పళ్ళు ఎట్లా మచ్చలు పడ్డాయో, మోకాళ్ళు ఎట్లా బిగుసుకుపోయాయో నీకు నేను చెప్పాలా? "గా ఫ్లోరైడేనా?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. నీళ్ళలో ఉన్నది కరిగి ఒంట్లోకి పోతుంది, ఇది కాల్షియంతో గట్టిగా ముడిపడి ఉంది, కరగదు, ఏం చేయదు అన్నాను. ఆమె నమ్మలేదు. "గది నా పండ్లు తిన్నది, మోకాళ్ళు తిన్నది. గిప్పుడు నా తమ్మున్ని గూడ కొండెక్కిచ్చింది. ఊకె ఇడువది పిల్లా, శాంతి చెయ్యాలె" అంది. నేను నవ్వాను. అమ్మవారికి చేసినట్టు ఫ్లోరైడుకు శాంతి చేస్తామన్న మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

అన్నం సరిగ్గా తిను. చెవులు కప్పుకో.

నీ రూత్


లడాఖ్, అబ్జర్వేటరీ కొండ,
ఆగస్టు

రూతూ,

సరుకుల బండిలో నీ ఉత్తరం వచ్చింది. ఉల్లిగడ్డల బస్తా మీద పెట్టి తెచ్చారు, ఇంకా ఆ వాసనే వస్తోంది. బండి దించడం మానేసి అక్కడే నిలబడి చదివాను. నీ ఉత్తరం సంగతి ఇక్కడ అందరికీ తెలిసిపోయింది. తెలియనీ.

ఇక్కడ గాలి తక్కువ. నాలుగు మెట్లెక్కితే కూర్చోవాలనిపిస్తుంది. ఎండలో నిలబడితే చర్మం మాడుతుంది, నీడలోకి జరిగితే వణుకు పుడుతుంది. కుక్కర్ లేకుండా బియ్యం ఉడకవు. నా వంట సంగతి అడగకు.

కెమెరాలో ఇప్పుడు తాత్కాలికంగా గాజు లెన్స్ పెట్టారు. మొన్న ఇంజినీరు నన్ను పిలిచి తెర మీద ఒక తెల్ల చుక్కను చూపించాడు. దాని చుట్టూ నువ్వు చెప్పిన ఊదా అంచు ఉంది. వాళ్ళకు అది లెక్కల్లో తప్పు. నాకు మాత్రం అది చూసినప్పుడల్లా నీ చేతి పని ఇంకా రాలేదని గుర్తొస్తుంది. ఆ అంచు పోయిన రోజే నేను ఇంటికి వచ్చే రోజు.

లెన్స్‌ను పట్టి ఉంచడానికి నేను చేసిన రింగు సిద్ధంగా ఉంది, లెన్స్ కోసం ఖాళీగా ఎదురుచూస్తోంది. దాన్ని మన లేతు మీద తిప్పిన రోజులు గుర్తున్నాయా? కొలత చూసుకుంటానని వేడి రింగుతో నీ గదికి వస్తే, చల్లారాక రమ్మని నన్ను గుమ్మం అవతలే ఆపేదానివి. నేను గుమ్మం దగ్గరే నిలబడి చల్లారేదాకా నిన్ను చూసేవాణ్ణి. కొన్నిసార్లు కావాలనే వేడివేడిగా తెచ్చాను. ఈ సంగతి కృష్ణయ్య సారుకు చెప్పకు.

రూతూ, నీ పక్కన కూర్చుని ఒక్క పూట అన్నం తినాలని ఉంది. తొందరపడకు అని రాయబోయాను, కానీ నా చెయ్యి తొందరగా చెయ్యి అనే రాస్తోంది. ఏది వింటావో నీ ఇష్టం.

నీ స్వామి


ఇబ్రహీంపట్నం,
సెప్టెంబర్

స్వామీ,

తొందరపడితే ఈ రాయి ఊరుకోదు. గాజు కంటే మెత్తన, ఇట్టే గీత పడుతుంది. దెబ్బ తగిలిందా, తనకు నచ్చిన వైపుకే పొరలుగా విడిపోతుంది. కాసేపు రుద్దితే ఆ రాపిడికే వేడెక్కి ఆకారం మారుతుంది. మళ్ళీ గది వేడికి వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలి, అప్పుడుగానీ కొలత నిజం చెప్పదు. అట్లా కూర్చున్నంతసేపూ నిన్నే తలుచుకుంటాను, వేరే పనేముంది నాకు? జీతమిచ్చి మరీ మొగుణ్ణి తలుచుకోమనే ఉద్యోగం నాది.

అయినా పని అయిపోయింది. పోయిన వారం ఆకారం కుదిరింది. నిన్న రెండు పోలరాయిడ్ అద్దాల మధ్య పెట్టి చూశాను. లోపల ఎక్కడైనా ఒత్తిడి ఉంటే తెల్లటి మరకగా వెలుగుతుంది. ఎక్కడా వెలగలేదు, అంతా చీకటే. కృష్ణయ్య సారు చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆయన ఏమీ అనలేదంటే అదే సర్టిఫికెట్టు.

దసరా సెలవులు కాగానే పెట్టెలో సర్దేస్తాం. వదినకు కాళ్ళు నేల మీద ఆనడం లేదు. నువ్వు వచ్చిన రోజు ఏ కోడిని కోయాలో ఇప్పుడే ఎంచి పెట్టింది, దానికి నూకలు కూడా ఎక్కువ వేస్తోంది. బతుకమ్మకు తంగేడు పువ్వు కోసం నన్ను చెరువు కట్ట దాకా నడిపించింది. చర్చికి పోయే పిల్లవని ఊరుకుంటానా అంటుంది. నేను మంచం కోళ్ళు బిగించాను. ఎందుకో చెప్పను.

ఇక ఎన్నో రోజులు లేవు స్వామీ. నాకు నిద్ర పట్టడం లేదు.

నీ రూత్


ఇబ్రహీంపట్నం,
అక్టోబర్, దసరా వెళ్ళాక

స్వామీ,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. ఇది చదివి ఎవరికీ ఫోన్ చేయకు. అక్కకు అసలే చేయకు.

ఆయుధపూజ రోజు వర్క్‌షాపులో ఎప్పటిలాగే లేతుకూ గ్రైండరుకూ బొట్లు పెట్టారు, హారతి ఇచ్చారు. లెన్స్ గదిలో పూజ చేయకూడదన్నది సారు పెట్టిన నియమం, నీకు తెలుసు. అందరూ కొబ్బరిముక్కలు తీసుకుని ఇళ్ళకు పోయాం. వదిన ఊడవాలని వెనక ఆగింది. ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని మురిపెంగా చెప్పింది. "అన్ని మిషన్లకు ఇచ్చిన్రు, గా రాయికి ఎవ్వలియ్యలే. నేనే హారతిచ్చిన. అంచుకు బొట్టు గూడ వెట్టిన. ఇంక మనల్ని ఇడిసిపెడ్తది" అంది.

నా చేతిలో ముద్ద జారిపోయింది. ఏమైందని అడిగితే పొలమారిందన్నాను.

పని మొదలైన రోజు అందరికంటే ముందు వెళ్ళి డబ్బా తెరిచాను. పాలిష్ చేసిన ముఖానికి ఏమీ కాలేదు. పక్క అంచు మీద వదిన వేలంత కుంకుమ ఉంది. దాని కింద, బియ్యపు గింజ కంటే చిన్నగా, దీపానికి తిప్పితే చేప పొలుసులా తళుక్కుమనే పగులు. ఏం జరిగిందో నాకు కళ్ళకు కట్టినట్టు తెలిసింది. కర్పూరం పళ్ళెం దగ్గరగా పట్టి మొక్కుకుని ఉంటుంది, అంచు కాలింది. ఆ వెంటనే తడి వేలితో కుంకుమ అద్దింది. ఈ రాయి మెల్లగా వచ్చే వేడికీ చలికీ తట్టుకుంటుంది కానీ, ఒక్క క్షణంలో రెండూ తగిలితే తట్టుకోదు.

కుంకుమ తుడిచాను. పగులులోకి దిగిన కుంకుమ మాత్రం రాలేదు.

వదినకు తెలియదు. సారుకు తెలియదు. నాకు తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. ఆ గది తాళాలు రెండే, ఒకటి నా దగ్గర, ఒకటి ఊడవడానికి ఆమె దగ్గర. లెన్స్ పనికిరాదని చెప్తే ఎవరు చేశారని అడుగుతారు. ఆమె కొలువు పోతుంది, అది కూడా పెద్ద మాట కాదు. తన తమ్ముడు రాకుండా తానే చేశానని తెలిస్తే ఆ మనిషి ఏమైపోతుంది? నిన్ను ఎత్తుకుని పెంచిన మనిషి.

ఏం చేయమంటావు?

రూత్


లడాఖ్, అబ్జర్వేటరీ కొండ,
అక్టోబర్

రూతూ,

పంపించు.

నేను బాగా ఆలోచించే రాస్తున్నాను. నువ్వు చెప్పిన చోటు కాగితం మీద గీసి చూశాను. పగులు నా రింగు పెదవి కిందికి వెళ్ళిపోతుంది. చుక్కల వెలుగు ఆ అంచు దాకా రానే రాదు. బొమ్మలో తేడా ఉండదు. రింగు బిగించేది నేను, విప్పి చూసేవాళ్ళు ఎవరూ లేరు.

చలికి పగులు పెరుగుతుందని అంటావు. పెరగకపోవచ్చు కూడా. చిన్న పగుళ్ళతో ఏళ్ళ తరబడి ఉన్న అద్దాలు లేవా?

నేను సంచి సర్దుకున్నాను. దీపావళికి ఇంట్లో ఉంటానని ఇక్కడ అందరికీ చెప్పాను. మొన్న కొండ వెనక మొదటి మంచు పడింది. ఈసారి బండిలో లెన్స్ రాకపోతే పని ఎండాకాలానికే. చలికాలమంతా మిషన్లు చూసుకోవడానికి నలుగురం మిగులుతాం, అందులో నేనొకణ్ణి. ఆ గదిలో, ఆ హీటరు ముందు, నువ్వు లేకుండా ఇంకో ఆరు నెలలు ఎట్లా గడపాలో నాకు తెలియడం లేదు. నాకు భయంగా ఉంది రూతూ.

నువ్వు పంపితే అక్క కొలువు ఉంటుంది, నీ పేరు ఉంటుంది, నేను ఇంటికి వస్తాను. ఇందులో నష్టపోయేది ఎవరు? నీకు ఆ రాయి ఎక్కువా, నేను ఎక్కువా? ఈ మాట రాశాక కొట్టెయ్యాలనిపించింది. కానీ కొట్టెయ్యడం లేదు.

స్వామి


ఇబ్రహీంపట్నం,
నవంబర్

స్వామీ,

నువ్వే ఎక్కువ. అందుకే పంపలేదు.

పెరగకపోవచ్చు అని రాశావు. ఏళ్ళుగా లోహం తిప్పినవాడివి, ఆ మాట రాసేటప్పుడు నువ్వు కూడా నమ్మలేదని నీ అక్షరాల్లోనే తెలిసింది. ఆ చలిలో అది పగిలితే ముక్కలు పడి పక్క లెన్సులు కూడా గీసుకుపోతాయి. ఎందరో ఏళ్ళ తరబడి కూర్చుకున్న పని అది. నలుగురూ రింగు బిగించింది ఎవరని అడుగుతారు. ఒకవేళ పగలకపోయినా, ఇంట్లో నా పక్కన పడుకుని నువ్వు దాని గురించే ఆలోచిస్తావు. నేను అటు తిరిగి పడుకుని దాని గురించే ఆలోచిస్తాను. అట్లా వచ్చిన నిన్ను నేనేం చేసుకోను?

సారు దగ్గరికి వెళ్ళి, తనిఖీ దీపం దగ్గరగా పెట్టి మరిచిపోయానని, వేడికి అంచు పగిలిందని చెప్పాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. కాసేపు నా చేతుల వంక చూసి తాళం ఇమ్మన్నారు. వదిన దగ్గర తాళం కూడా తీసుకున్నారు. నన్ను మామూలు గాజు లెన్సులు రుద్దే బల్లకు మార్చారు. కొత్త రాయి చలి వెళ్ళేటప్పటికి వస్తుందట, అది సిద్ధార్థకు ఇస్తారట. పోయినేడు చేరిన పిల్లవాడు, చెయ్యి మంచిదే.

ఇప్పుడు వదిన సంగతి. నా వల్ల లెన్స్ చెడిందని విని ఇంటికి వచ్చి చెంబు విసిరేసింది. "కండ్లు నెత్తికి పెట్టుకొని పని చేస్తవా? దాంట్ల ఒట్టి రాయే ఉన్నదనుకున్నవా, నా తమ్ముడున్నడు" అంది. అప్పటినుంచి నాతో మాటల్లేవు. అన్నం వండి గిన్నె నా ముందుకు నెట్టి అటు తిరిగి కూర్చుంటుంది. పక్కింటి వజ్రమ్మతో నాకు వినబడేలా అంటుంది, మొగుణ్ణి తెచ్చుకునే చేతులు కావట నావి. ఆ కోడి ఇంకా దొడ్లో తిరుగుతూనే ఉంది.

నేను స్నానాల గదిలో నీళ్ళు వదిలి ఏడుస్తున్నాను. నాకు ఆమె మీద కోపం లేదు. నీ మీద ఉంది. ఆ ప్రశ్న అడిగినందుకు కాదు, అడిగినప్పుడు నువ్వు నా ఎదురుగా లేనందుకు. ఎదురుగా ఉంటే నీ గల్లా పట్టుకుని జవాబు చెప్పేదాన్ని, ఆ తర్వాత వదిలేదాన్ని కాదు.

రింగు కొలత, చలిలో దాని పట్టు చూసుకోవడానికి ఈ చెడిన లెన్సునే నీకు పంపమన్నారు సారు. నేనే సర్దాను. డబ్బా వెంటనే తెరవకు, గదిలో ఒక రోజు ఉండనీ.

కోపం పోయాకే ఉత్తరం వెయ్యి.

రూత్


లడాఖ్, అబ్జర్వేటరీ కొండ,
జనవరి

రూతూ,

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, రాయడానికి ముఖం లేదు. మొదట కోపం ఉండేది. ఆ తర్వాత నువ్వు నా అక్క తప్పు నెత్తిన వేసుకున్నావన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా కలం కింద పెట్టేసేవాణ్ణి.

లెన్స్ వచ్చింది. నువ్వు చెప్పినట్టే ఒక రోజు ఆగి తెరిచాను. రింగులో పెట్టి, బిగించి, పెదవి కింద పగులు కనబడకపోవడం చూశాను. నేను గీసుకున్న లెక్క నిజమే, ఎవరూ కనిపెట్టలేరు. చలి పరీక్ష కోసం దాన్ని బయట షెడ్డులో ఉంచి తలుపు వేశాం.

మర్నాడు పొద్దున ఇంజినీరూ నేనూ వెళ్ళి చూస్తే రెండు ముక్కలైంది. అడ్డంగా, ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా. పరీక్ష లెన్సు కాబట్టి సరిపోయిందని, అసలుది అయ్యుంటే కెమెరా అంతా పోయేదని ఆయన నవ్వుతూ అన్నాడు. రింగు విప్పుతానని చెప్పి ఆయన్ని పంపించేశాను.

ఒంటరిగా విప్పాను. పగులు ఎక్కడ మొదలైందో అక్కడ, విరిగిన ముఖం మీద, ఎర్రగా ఉంది. నువ్వు తుడిచినా రాలేదన్న కుంకుమ. రూతూ, నేను ఇల్లు వదిలి వచ్చిన రోజు అక్క గడప దగ్గర నా నుదుట బొట్టు పెట్టింది. నువ్వు నవ్వావు, గుర్తుందా, అంత పెద్ద బొట్టేంటని. అదే వేలు, అదే కుంకుమ, ఇంత దూరం నా వెనకాలే వచ్చింది. వేలి చివరకు అద్దుకుని నుదుట పెట్టుకున్నాను. ఆ తర్వాత కింద కూర్చుని ఏడ్చాను. ఇంత ఎత్తులో ఏడవడం కూడా కష్టమే, ఊపిరి అందదు.

నువ్వు చెప్పిందే నిజం. ఆ ప్రశ్న అడిగినవాణ్ణి మరిచిపో, అని అడగను. తిట్టాలనుకున్నదంతా దాచిపెట్టు, వచ్చాక వింటాను.

అక్కకు నేను చెప్పేస్తాను. నిన్ను అట్లా మాటలంటుంటే నేను ఊరుకోలేను. ఎట్లా చెప్పాలో నువ్వే చెప్పు. నీ గొంతు స్పీకర్లో కాకుండా, నా చెవి పక్కన వినాలని ఉంది. ఇంకేమీ వద్దు.

నీ స్వామి


ఇబ్రహీంపట్నం,
ఫిబ్రవరి

స్వామీ,

చెప్పకు. తిడితే తిట్టనీ. ఆమె నన్ను తిట్టేది నీ మీద బెంగతో. నాకూ అదే బెంగ. ఒకరు తిడుతూ, ఒకరు పడుతూ ఎట్లాగో రోజులు గడుస్తున్నాయి. చెప్పావంటే ఇంట్లో ఆ మాట కూడా ఉండదు. నువ్వు ఏడ్చావని చదివి నేను అన్నం తినలేదు. ఇక ఏడవకు, ఊపిరి దాచుకో.

కొత్త రాయి వచ్చింది. సిద్ధార్థ మొదలుపెట్టాడు.

నీ రూత్


ఇబ్రహీంపట్నం,
మే

స్వామీ,

పెట్టె ఈ రోజే బయల్దేరింది. ఎట్లా బయల్దేరిందో చెప్తాను, తీరిగ్గా చదువు.

సిద్ధార్థ రెండు వారాలు రుద్ది, తనే సారు దగ్గరికి వెళ్ళి ఆ ఆకారం తన వల్ల కాదని, రూతక్కకే ఇవ్వమని చెప్పాడట. సారు నా బల్ల దగ్గరకొచ్చి, చేస్తావా అని ఒక్క మాట అడిగారు. తాళం ఇవ్వలేదు. రోజూ ఆయనే తెరిచి, ఆయనే మూసేవారు. నేను చేశాను. ఎండలకు ఏసీ రెండుసార్లు ఆగిపోతే పని వదిలేసి కూర్చున్నాను. ఎంత ఆలస్యమైనా నిన్ను తొందరగా తెచ్చుకోవాలన్న ఆశను ఆ గదిలోకి రానివ్వలేదు. ఇంటికొచ్చాక మాత్రం దాన్ని పక్కన పడుకోబెట్టుకున్నాను. పోలరాయిడ్ల మధ్య అంతా చీకటే. ఈసారి అంచులు కూడా చూశాను.

ఈ పొద్దున బల్ల మీద పెట్టి మూత వేయబోతుంటే వదిన పళ్ళెం పట్టుకుని వచ్చింది. కర్పూరం వెలుగుతోంది. బయటి హాలు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. నేను ఏమీ అనకూడదనే అనుకున్నాను స్వామీ. కానీ నా రెండు చేతులూ వాటంతట అవే లెన్స్ మీదికి వెళ్ళిపోయాయి. నేను ఆమె ముఖం చూశాను, ఆమె నా చేతులు చూసింది.

పళ్ళెం పట్టుకుని మెల్లగా వాకిట్లోకి వెళ్ళింది. హారతిని ఊదకూడదు కదా, అది ఆరిపోయేదాకా ఎండలోనే నిలబడింది. నేను మూత బిగించి ఆమె దగ్గరకు వెళ్ళాను.

"పోయిన దసరాకు నేను వెట్టిన బొట్టేనా?" అంది.

నేను ఆమె చేతిలోంచి పళ్ళెం తీసుకుని కింద పెట్టాను.

"గిన్ని దినాలు నన్ను తిట్టనిచ్చినవా, బిడ్డా?"

అంతే అంది. మెట్ల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె ఏమైపోతుందో అని ఇన్నాళ్ళు భయపడ్డాను కదా, ఏమీ కాలేదు. నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. రాపిడికి మొద్దుబారిన వేళ్ళను ఒక్కొక్కటే ఒత్తుతూ కూర్చుంది. కొరియరు బండి వస్తే మోకాళ్ళ నొప్పి మరిచిపోయి లేచి, పెట్టె కింద పరిచే దిండు తనే సర్దింది. డ్రైవరును గుంతల్లో మెల్లగా పొమ్మని సాగర్ రోడ్డు దాకా వెంట నడిచి చెప్పింది.

ఇంటికొచ్చాక నా కంచంలో తన చేత్తో అన్నం పెట్టింది. పెడుతూ నాతో ఒట్టు వేయించుకుంది. "వానికి మాత్రం చెప్పకు. మా అక్క అడ్డం పడ్డదని అనుకుంటడు" అంది. చెప్పనని ఒట్టు వేశాను. కాబట్టి నీకేమీ తెలియదు. ఏడు నెలలుగా తెలిసిన సంగతి ఈ రోజు నుంచి నీకు తెలియదు, బాగా గుర్తుపెట్టుకో.

నా పని అయిపోయింది. ఇక నీ వంతు.

నీ రూత్


లడాఖ్, అబ్జర్వేటరీ కొండ,
జూన్

రూతూ,

నాకేమీ తెలియదు. మా అక్క చాలా మంచిది, ఆమె వల్ల ఏ రాయికీ ఏమీ కాలేదు.

లెన్స్ కూర్చుంది. రింగు బిగించేముందు అంచంతా దీపానికి తిప్పి చూసుకున్నాను. మూడు రోజులు పరీక్షలు చేశారు. నిన్న తెర దగ్గరకు పిలిచారు. అదే తెల్ల చుక్క. చుట్టూ ఊదా అంచు లేదు. ఒట్టి తెలుపు, సూది మొనంత. అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరు పాలిష్ చేశారని అడిగారు. మా ఇంటావిడ అన్నాను. గట్టిగానే అన్నాను.

ఇక్కడ ఉండిపొమ్మని అడిగారు. పక్కా ఉద్యోగం, మంచి మాటలే చెప్పారు. వాళ్ళు చెప్తుండగానే నేను సంచి భుజాన వేసుకున్నానట, వాళ్ళే నవ్వుతూ చెప్పారు.

కాగితం మీద కెమెరా అప్పజెప్పాను, సంతకాలయ్యాయి. రేపు పొద్దున సరుకుల బండి దిగుతుంది. ఈ ఉత్తరం అదే బండిలో పోతుంది, డ్రైవరు పక్క సీట్లో నేనూ పోతాను. దీనికి జవాబు రాయకు రూతూ. రాసినా అందుకోవడానికి ఇక్కడ ఎవరూ ఉండరు.

స్వామి